అక్కకీ తమ్ముడికీ ఒకే డైట్ చార్ట్! జీన్ టెస్టులవాళ్లకి ఆడా మగా తేడా అక్కర్లేదా?

చంపావతి గట్టు (నెల్లిమర్ల), ఆదివారం రాత్రి 9:10

మా తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. సిరిమానోత్సవానికి ఇంటికొస్తూ ఆన్‌లైన్‌లో కొన్న జీన్ టెస్ట్ కిట్లు రెండు పట్టుకొచ్చాడు, నాకొకటి, వాడికొకటి. గొట్టంలో ఉమ్మి నింపి కొరియర్ చెయ్యడమే పని. పొద్దున్నే నోరు కడగకుండా కూర్చుంటే ఆ గీత దాకా నిండడానికి పావుగంట పట్టింది. అమ్మ చూసి "ఇదేటే, సదువుకున్నోళ్లు సేసే పనేనా" అంది.

నిన్న రిపోర్టులొచ్చాయి. ఒక్కోటి ముప్పై పేజీల పైనే. ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చదివాం. లావెక్కే జన్యువు ఇద్దరికీ ఒకటే, కాఫీ జన్యువు ఒకటే. సరే, ఒక తల్లి బిడ్డలం కదా అనుకున్నాం. కానీ సలహాలు కూడా అక్షరం పొల్లుపోకుండా ఒకటే! ఐరన్ దగ్గర ఇద్దరికీ ఇలా రాశారు: "మీ జన్యువుల ప్రకారం లోపం వచ్చే ముప్పు తక్కువ. ప్రత్యేక జాగ్రత్త అవసరం లేదు."

వాడి హిమోగ్లోబిన్ 14.8. నాది పోయిన నెల చూపిస్తే 9.6. నాకు 41 ఏళ్లు, నెలసరి ఆరు రోజులు, రెండో రోజు క్లాసులో నిలబడి పాఠం చెప్పలేను, కుర్చీ వేసుకుంటాను. నాకు జాగ్రత్త అవసరం లేదట.

ఫారంలో ఆడా, మగా అని అడిగారు. టిక్కు కూడా పెట్టాను. ఆ టిక్కు ఎక్కడికి పోయింది? జన్యువులకి ఆ తేడా ఉండదా, లేక చూసేవాళ్లే చూడట్లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.


జీడితోట (కవిటి), ఆదివారం రాత్రి 9:32

చెల్లెమ్మా, ఆ డబ్బులతో రెండు నెలల కోడిగుడ్లు, తోటకూర వచ్చేవి. ఉమ్మి చూసి కూరేం వండుకోవాలో చెప్పేవాడికీ చిలక జోస్యం చెప్పేవాడికీ తేడా ఏటి? అయినా ఇంట్లో వండేది ఒక కుండలోనే. మగాడికో పొయ్యి, ఆడదానికో పొయ్యి పెడతామా?


చంపావతి గట్టు, ఆదివారం రాత్రి 9:40

కొన్నది నేను కాదన్నయ్యా, తమ్ముడి సరదా. కానీ కుండ ఒకటైతే కంచాలూ ఒకటేనా అన్నదే నా అనుమానం.


లేబ్ బాబాయ్ (శ్రీకాకుళం), ఆదివారం రాత్రి 10:25

23 ఏళ్లుగా రక్తాలు తీస్తున్నాను. జన్యువుల సంగతి నాకు తెలీదు, చదువుకుంటున్న పిల్లలెవరైనా చెప్తారు. నాకు తెలిసిందల్లా రిపోర్టు కాగితం మీద కుడిపక్క ఉండే "నార్మల్" గడి.

హిమోగ్లోబిన్‌కి ఆ గడి ఆడవాళ్లకి 12 నుంచి, మగవాళ్లకి 13 నుంచి మొదలు. గీత అంత కిందికి పెట్టినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత, అదే వయసు మగవాళ్లలో 25 శాతానికి. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకి ఐరన్ మగవాడికి 19 మిల్లీగ్రాములు కావాలి, ఆడమనిషికి 29. అంటే మగవాడికి కావలసినదానికి ఒకటిన్నర రెట్లు. అమ్మాయ్, నీ జన్యువులు ఎంత మంచివైనా నెలనెలా పోయే రక్తం పోతూనే ఉంటుంది గదా. ఆ రిపోర్టు పక్కన పడేసి ముందు డాక్టరుకి చూపించుకో.

అసలు నేను చెప్పాలనుకున్నది క్రియాటినిన్ గురించి. కిడ్నీ జబ్బు ఎక్కువున్న ఉద్దానం వాళ్లున్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. క్రియాటినిన్ అంటే కిడ్నీలు వడపోసి బయటికి పంపే వ్యర్థం. అది వచ్చేది కండ నుంచి. కండ ఎక్కువున్న మగవాడి రక్తంలో సహజంగానే కొంచెం ఎక్కువుంటుంది. బక్కపలచటి ఆడమనిషికి తక్కువుండాలి. కొన్నేళ్ల క్రితం పలాస వైపు ఒక క్యాంపుకెళ్లాను. ఒకావిడ వచ్చింది, 50 ఏళ్లు. జీడిపిక్కలు కొట్టే పని, అరచేతులు రెండూ ఆ జీడికి నల్లగా కాలిపోయి గరుకుతేలి ఉన్నాయి. నరం దొరక్క రెండుసార్లు గుచ్చాను. క్రియాటినిన్ 1.2 వచ్చింది. ఆ కాగితం మీద ఆడా మగా అందరికీ కలిపి ఒకటే గడి, 0.6 నుంచి 1.3. పక్కన చుక్క గుర్తు పడలేదు. "నార్మలే అమ్మా" అని చెప్పి పంపేశారు.

ఇప్పుడు అదే 1.2ని 2021లో వచ్చిన ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తోందో అంచనా కట్టే) సూత్రంలో వేసి చూడండి. 50 ఏళ్ల మగవాడికి కిడ్నీ వడపోత 74 వస్తుంది. 50 ఏళ్ల ఆడమనిషికి 55. మూడు నెలల పాటు 60 కంటే కింద ఉంటే కిడ్నీ జబ్బు కింద లెక్క. అంకె ఒకటే, ఒకరు గీతకి ఇవతల, ఒకరు అవతల.

ఉద్దానం జబ్బుకి ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లంటారు, ఎండంటారు, మందులంటారు, జన్యువులంటారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు, సంతోషం. కానీ ఎవరు రోగి, ఎవరు కాదు అన్న మొదటి గీతే ఆడవాళ్లకి తప్పుగా పడితే, దాని మీద జన్యువు ఇదీ, తిండి ఇదీ అని ఎంత కట్టినా పునాది వంకరే.


జీడితోట, ఆదివారం రాత్రి 11:02

బాబాయ్, మా అమ్మది పోయినేడాది 1.1 అన్నారు. నార్మల్ అన్నారు. ఆవిడకి 62.


లేబ్ బాబాయ్, ఆదివారం రాత్రి 11:20

కంగారు పడకు నానా. సూత్రంలో వేస్తే 57 దాకా వస్తోంది. ఒక్క పరీక్షతో ఏదీ తేల్చకూడదు. ఇప్పుడొకసారి మళ్లీ చేయించి, దాంతోపాటు మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి దిగే ప్రోటీన్) కూడా చూపించండి. ఆవిడ మోకాళ్ల నొప్పులకి షాపులో బిళ్లలు కొని మింగుతుంటే డాక్టరుతో ఆ మాట తప్పకుండా చెప్పండి.


మోడరేటర్, సోమవారం ఉదయం 6:45

ఇక్కడ రాసేవి వైద్య సలహాలు కావు, డాక్టరుకి చూపించుకోవడం మానకండి. బాబాయ్ గారి లెక్క సరిచూశాను, సరిగ్గానే ఉంది. చర్చ కొనసాగించండి.


అరసవల్లి అమ్మాయి (ప్రస్తుతం హైదరాబాద్), సోమవారం రాత్రి 8:15

నేను పోషకాహారం, జన్యువుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది శ్రీకాకుళమే. చంపావతి అక్కా, మీ ప్రశ్నకి సూటి జవాబు: తేడా ఉంటుంది, చాలా చోట్ల చూడలేదు కూడా. రెండూ నిజమే.

చూడకపోవడానికి ఒక కథ ఉంది. గర్భిణులు మింగిన థాలిడోమైడ్ మాత్రలతో పిల్లలు అవయవలోపాలతో పుట్టాక, గర్భం వచ్చే అవకాశమున్న ఆడవాళ్లని మందుల తొలి దశ ప్రయోగాల్లోకి తీసుకోవద్దని 1977లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ మార్గదర్శకం పెట్టింది. రక్షించాలనే పెట్టారు. కానీ పదహారేళ్లు మగ ఒంటి మీద చూసి ఆడ ఒంటికి డోసు రాశారు. 1993లో ఆ మార్గదర్శకం తీసేశారు, ఆడవాళ్లని చేర్చాల్సిందేనని అదే ఏడాది అమెరికాలో చట్టం వచ్చింది. ఎలుకల దగ్గరికి ఇంకా ఆలస్యంగా వచ్చారు. ఆడ ఎలుకలకి హార్మోన్ల చక్రం ఉంటుంది, ఫలితాలు గజిబిజి అవుతాయని మగ ఎలుకలతోనే కానిచ్చేవారు. 2014లో దాదాపు మూడు వందల పేపర్లు తిరగేసి చూస్తే ఆడ ఎలుకల్లో హెచ్చుతగ్గులు మగవాటికంటే ఎక్కువేం లేవని తేలింది. మగ ఎలుకలు ఒకదాన్నొకటి కరుచుకుని, పెత్తనాలు చేసుకుని వాటి గజిబిజి అవి చేస్తాయి లెండి. 2016లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ తన డబ్బు తీసుకునే ప్రయోగాల్లో, జంతువులతో చేసేవాటిలో కూడా, ఆడా మగా లెక్కలోకి తీసుకోమంది.

జన్యువుల్లో ఇంకో తమాషా. వేలమంది జన్యువులు జల్లెడపట్టే పెద్ద సర్వేల్లో చాలాకాలం ఎక్స్ క్రోమోజోమ్‌నే పక్కన పెట్టేశారు. మగవాళ్లకి ఒకటి, ఆడవాళ్లకి రెండు, ఆ రెండిట్లో ప్రతి కణంలోనూ ఏదో ఒకటి నిద్రపోతుంది (1961లో మేరీ లయన్ చెప్పిన సంగతి). లెక్క కట్టడం కష్టం, వదిలెయ్ అన్నారు. ఆడామగా తేడాకి మొదట వెతకాల్సిన చోటే అది!

ఇక జన్యువు, తిండి, ఆడామగా మూడూ కలిసే ఉదాహరణల్లో నాకు బాగా నచ్చినది కోలిన్ కథ. కోలిన్ గుడ్డు పచ్చసొనలో, కాలేయంలో ఎక్కువుండే పోషకం. కొంత మన ఒళ్లే తయారుచేసుకుంటుంది, పీఈఎంటీ అనే జన్యువు ద్వారా. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో 57 మందిని ఉంచి కోలిన్ దాదాపు లేని తిండి ఆరు వారాల దాకా పెట్టారు (ఫలితాలు 2007లో వచ్చాయి). మగవాళ్లలో 77 శాతానికి కాలేయంలో కొవ్వు చేరడమో, కండరం దెబ్బతినడమో జరిగింది. ముట్లుడిగిన ఆడవాళ్లలో 80 శాతానికి. ఇంకా నెలసరి వస్తున్న ఆడవాళ్లలో మాత్రం 44 శాతానికే! కోలిన్ తిరిగి పెట్టగానే కుదుటపడ్డారు.

ఎందుకంటే ఈస్ట్రోజెన్ ఆ జన్యువుని తట్టిలేపుతుంది. గర్భంతో ఉన్నప్పుడు బిడ్డకి కావాలి కదా, అందుకు ఒళ్లు చేసుకున్న ఏర్పాటు. కొంతమంది ఆడవాళ్లకి ఆ జన్యువులో ఒక్క అక్షరం తేడా ఉంటుంది. వాళ్లలో ఈస్ట్రోజెన్ ఎంత తలుపు కొట్టినా అది లేవదు. అంటే అదే అక్షరం మగవాడిలో ఉన్నా అతనికి పెద్ద తేడా పడదు, 30 ఏళ్ల ఆడమనిషిలో పడుతుంది, 55 వచ్చేసరికి మళ్లీ కథ మారిపోతుంది. మీ రిపోర్టులాంటి చార్టులో దీన్ని ఒకే వాక్యంగా ఎలా రాస్తారు? 57 మందితో చేసిన చిన్న అధ్యయనమని గుర్తుంచుకుంటూనే అంటున్నాను.

ఇంకోటి, గుండెజబ్బుల మీద జరిగే ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం. అమెరికాలో 1948లో మొదలైంది, మొదటి రోజు నుంచీ అందులో ఆడవాళ్లున్నారు. అక్కడివాళ్ల డేటాతోనే 2002లో ఒక సంగతి బయటపడింది. ఏపీఓఏ1 అనే జన్యువులో ఒక రకం ఉన్న ఆడవాళ్లలో, పొద్దుతిరుగుడు నూనెలో ఉండేలాంటి కొవ్వులు ఎక్కువ తినేవాళ్లకి మంచి కొలెస్ట్రాల్ ఎక్కువుంది. ఇంకో రకం ఉన్న ఆడవాళ్లలో సరిగ్గా తిరగబడింది. మగవాళ్లలో అంత స్పష్టంగా కనబడలేదు, సిగరెట్టూ మందూ లెక్కలోకి తెస్తే గానీ. అందరినీ కలిపి సగటు తీసి ఉంటే ఆ సంగతి మునిగిపోయేది.


కోటబొమ్మాళి కుర్రోడు, సోమవారం రాత్రి 9:05

ప్రతిదాంట్లోనూ ఆడామగా గొడవ తేవడం ఫ్యాషనైపోయింది. ఎఫ్‌టీవో జన్యువుకి లావుతో ముడి ఉందని 2007లో తేలింది, దాని ప్రభావం ఇద్దరిలోనూ దాదాపు ఒకటే. మరి దానికేం చెప్తారు? రెండు ముక్కలు చేసి చూస్తే ఎక్కడో ఓ చోట తేడా కనబడక మానదు. నేనూ స్టాటిస్టిక్సే చదివాను.


అరసవల్లి అమ్మాయి, సోమవారం రాత్రి 9:50

బ్రదర్, ఎఫ్‌టీవో గురించి మీరన్నది నిజమే. చంపావతి అక్క రిపోర్టులో ఆ ఒక్క ముక్కకి ఒకే సలహా ఇచ్చినా తప్పు పట్టను. అదే కొవ్వు ఎక్కడ చేరుతుంది అన్న దగ్గరికొస్తే సీన్ మారిపోతుంది. 2015లో వచ్చిన పెద్ద విశ్లేషణలో నడుముకీ పిరుదులకీ ఉండే నిష్పత్తితో ముడిపడిన జన్యుస్థానాలు 49 తేలితే, అందులో 20 చోట్ల ఆడామగా తేడా ఉంది. ఆ 20లో 19 ఆడవాళ్లలోనే బలంగా పనిచేస్తున్నాయి. మొత్తం లావు వేరు, పొట్ట వేరు. మన దేశంలో నడుము కొలతకి మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 అని వేర్వేరు గీతలు ఊరికే పెట్టలేదు. ఒక్క మాట, ఆ విశ్లేషణలో ఎక్కువమంది యూరప్ మూలాలవాళ్లు. మన జన్యువుల్లో అదే లెక్క అని పట్టుకోకూడదు.

ముక్కలు చేస్తే తేడా కనబడుతుందన్నారు. అది మా రంగంలో నిజంగానే పెద్ద జబ్బు. "ఆడవాళ్లలో ఫలితం వచ్చింది, మగవాళ్లలో రాలేదు, కాబట్టి తేడా ఉంది" అని రాసేస్తారు. అలా తేలదు. రెండింటి మధ్య తేడానే సూటిగా పరీక్షించాలి. దానికి మామూలు ప్రభావం పట్టుకోవడానికి కావలసినదానికి నాలుగు రెట్ల మంది కావాలి, అది కూడా తేడా ఆ ప్రభావమంత పెద్దదైతే. దానిమీద జన్యువు, తిండి కూడా కలిపితే వందా రెండు వందల మందితో జరిగే పని కాదు. నా థీసిస్‌లో నేనూ ఈ తప్పు చేయబోయి గైడుతో తిట్లు తిన్నాను.


కోటబొమ్మాళి కుర్రోడు, సోమవారం రాత్రి 9:58

ఓకే, ఒప్పుకుంటున్నా. 49లో 20 అంటే కాకతాళీయం కాదు.


రాజాం కోడలు, మంగళవారం మధ్యాహ్నం 2:40

ఇందాకటి నుంచీ అందరూ ఒంటి గురించే మాట్లాడుతున్నారు. కంచం సంగతి నేను చెప్తాను. పెళ్లికి ముందు రెండేళ్లు ఒక ఆహార సర్వేలో ఊళ్లు తిరిగాను. నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం తిన్నారో అడిగి రాసుకోవడం పని. దానికి కొలత గిన్నెలు, గరిటెలు ఒక సంచీలో ఇస్తారు. "ఈ గిన్నెతో ఎన్ని?" అని చూపించి అడగాలి.

చీపురుపల్లి దగ్గర ఒక ఇల్లు. ఆయన అరుగు మీద నులకమంచంలో కూర్చుని జవాబులు చెప్పేస్తున్నాడు. "అన్నం, పప్పు, గుడ్డు కూర. అందరం అదే తిన్నాం, రాసుకోమ్మా." పేర్లన్నిటి పక్కనా అదే రాసేస్తే పావుగంటలో అయిపోను. నాకు దాహమేసి లోపలికెళ్లాను. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని అప్పుడు తింటోంది, మూడు కావస్తోంది. గిన్నె అడుగున మిగిలిన పప్పు తేట, చద్దన్నం, ఊరగాయ ముక్క. గుడ్లెన్ని వండావమ్మా అంటే నాలుగు. ఇంట్లో మనుషులెందరంటే ఆరుగురు. "ఆయనకొకటి, పిల్లలిద్దరికీ సెరొకటి, మాంగారికొకటి" అని వేళ్లు మడిచి, మిగతా రెండు వేళ్లూ అలాగే ఉంచి నవ్వింది. ఆ రెండు వేళ్లు ఆవిడా, ఆవిడ అత్తగారూ.

అత్తగారైతే మరీ. సోమవారం, శనివారం నీచు ముట్టదు, కార్తీకమంతా ముట్టదు, పనిలేని రోజున ఒక్కపొద్దు. 60 దాటిన మనిషి. నిన్న అరసవల్లి అమ్మాయి రాసింది చదివాక నాకు ఆవిడే గుర్తొచ్చింది. ముట్లుడిగినవాళ్లకి ఈస్ట్రోజెన్ సాయం పోతుంది, గుడ్డు ఎక్కువ అవసరం అంటున్నారు కదా. ఆ ఇంట్లో గుడ్డు అందని మనిషే ఆవిడ!

నేను ఆయన చెప్పినట్టే రాసి ఉంటే? రేపు ఎవరో ఆ కాగితాలు ముందేసుకుని, ఇద్దరూ అదే తిన్నారు, అయినా ఆవిడకి రక్తం లేదు, ఆడవాళ్ల జన్యువుల్లోనే ఏదో ఉంది అని రాసేస్తారు. ఉన్నది జన్యువులో కాదు, గరిటెలో.


అరసవల్లి అమ్మాయి, మంగళవారం రాత్రి 7:30

వదినా, మీ పోస్టు మా ల్యాబ్ గ్రూపులో అనువాదం చేసి పెట్టాను, ఏమనుకోకండి. ఒంటితో వచ్చే ఆడామగా తేడా ఒకటి, అంటే క్రోమోజోములు, హార్మోన్లు. సమాజం పెట్టిన తేడా ఇంకొకటి, ఎవరు ముందు తింటారు, ఎవరు ఉపవాసముంటారు, ఎవరు పొలం పోతారు. మొదటిదాన్ని సెక్స్, రెండోదాన్ని జెండర్ అంటారు. శాస్త్ర పత్రికల్లో రాసేవాళ్లు ఈ రెండిటినీ కలగాపులగం చెయ్యకుండా విడివిడిగా రాయాలని 2016లో సేజర్ అనే మార్గదర్శకాలు వచ్చాయి. కాగితం మీద విడదీయడం తేలికే. మీరు చెప్పిన అత్తగారిలో రెండూ ఒకే మనిషిలో కూర్చున్నాయి.

ఒక పెద్ద గుడ్డులో కోలిన్ దాదాపు 150 మిల్లీగ్రాములుంటుంది. అమెరికా లెక్కలో రోజుకి చాలినంత అంటే మగవాడికి 550, ఆడమనిషికి 425. ఆ 425 ముట్లుడిగాక మారదు, గర్భిణులు, బాలింతలు తప్ప 19 దాటిన ఆడవాళ్లందరికీ ఒకటే అంకె. అక్కడా సగటే.


జీడితోట, మంగళవారం రాత్రి 8:10

మా ఇంట్లో చేప నడిముక్క ఎవరికి పడుతుందో ఇప్పటిదాకా గమనించలేదు. తోక ముక్క అంటే అమ్మకి ఇష్టం అనుకునేవాణ్ని.


సీతంపేట మాస్టారు, బుధవారం ఉదయం 7:20

మాది ఇదివరకు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం. అయినా మీ వేదిక వదల్లేదు.

ఎక్స్ క్రోమోజోమ్ మాట వచ్చింది కాబట్టి జీ6పీడీ గురించి. ఎర్ర రక్తకణాన్ని కాపాడే ఎంజైము అది, దాని జన్యువు ఎక్స్ మీదే ఉంది. అది లోపించినవాళ్లు కొన్ని మందులు మింగినా, ఒక రకం చిక్కుడు గింజలు తిన్నా రక్తకణాలు చితికిపోయి, మూత్రం కోలా రంగులో వస్తుంది. తిండికీ జన్యువుకీ పొత్తు కుదరకపోతే ఏమవుతుందో ఇంత స్పష్టంగా చూపించేది ఇంకోటి లేదు. మగపిల్లాడికి ఉన్నది ఒకటే ఎక్స్, అది చెడితే చెడిందే. ఆడపిల్లకి రెండుండటంతో కొన్ని కణాలు మంచివి, కొన్ని చెడ్డవి, కలనేత చీరలాగ. మామూలు స్క్రీనింగ్ పరీక్షలో ఆమెకి "నార్మల్" అని వచ్చే అవకాశం ఉంది. మలేరియాకి ప్రైమాక్విన్ 14 రోజులు వేసేటప్పుడు బయటపడొచ్చు. ఏజెన్సీలో ఇది పుస్తకంలో మాట కాదు.

ఒక హెచ్చరిక. ఎవరో ఇంటర్నెట్‌లో చదివి మా ఊళ్లో "చిక్కుడుకాయలు తినకూడదట" అని పుకారు లేపారు. పాదు మీద కాసే మన చిక్కుడు వేరు. ప్రమాదమైనది ఫావా బీన్స్, ఉత్తరాదిన బాకలా అంటారు. అనువాదంలో రెండూ చిక్కుడే అయిపోయాయి. సంక్రాంతి ముందు పాదులు పీకించిన పుణ్యం ఆ వాట్సాప్‌ది. అంతకన్నా కలరా ఉండలు పిల్లలకి అందకుండా పెట్టండి, అవి ఈ లోపమున్నవాళ్లకి నిజంగా ప్రమాదం.

సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు) కూడా మా దగ్గర ఉంది, కానీ అది ఎక్స్ మీద కాదు, పదకొండో క్రోమోజోమ్ మీద. ఆడామగా ఇద్దరికీ సమానంగా వస్తుంది. అన్నిటినీ ఒక గాటన కట్టొద్దని చెప్తున్నాను.


నాగావళి నీరు (శ్రీకాకుళం), బుధవారం రాత్రి 10:40

నేను ట్రాన్స్ మహిళని. మూడేళ్లుగా డాక్టరు రాసిన హార్మోన్లు వాడుతున్నాను. బాబాయ్ చెప్పిన రెండు గడుల్లో నాది ఏది? వెటకారం కాదు, ప్రతిసారీ ల్యాబులో అడిగి మాట పడుతున్నాను.


లేబ్ బాబాయ్, గురువారం ఉదయం 6:10

మంచి ప్రశ్నమ్మా. హిమోగ్లోబిన్‌కైతే హార్మోన్లు కొన్నాళ్లు వాడాక ఆడవాళ్ల గడివైపు దిగుతుంది, ఎందుకంటే దాన్ని పైకి తోసేది టెస్టోస్టిరాన్. కిడ్నీ లెక్కకి ఏ సూత్రం వాడాలన్నది మీ హార్మోన్ డాక్టరే చెప్పాలి. మీ విషయంలో అక్కర పడితే కండతో పని లేని సిస్టాటిన్ సి పరీక్ష ఉంది, దాని గురించి అడగండి. మాట పడాల్సిన పని లేదు. మా దగ్గరికి రండి, నేనే తీస్తాను.


చంపావతి గట్టు, తొమ్మిది రోజుల తర్వాత, శనివారం రాత్రి 9:00

అందరికీ థాంక్స్. డాక్టరమ్మ దగ్గరికెళ్లాను. స్కానింగ్‌లో గర్భసంచిలో గడ్డ కనబడింది, పెద్దది కాదు, భయం లేదన్నారు. రక్తం ఎక్కువ పోవడానికి అదే కారణమట. ఐరన్ మాత్రలు రాశారు. టీకీ మాత్రకీ కనీసం గంట ఎడం ఉండాలన్నారు, అన్నిటికన్నా అదే కష్టంగా ఉంది. స్కూల్లో ఇంటర్వెల్ టీ మానేశాను.

కస్టమర్ కేర్‌కి కూడా ఫోన్ చేశాను. ఫారంలో ఆడా మగా అని ఎందుకడిగారు, రిపోర్టులో దాన్ని ఎక్కడ వాడారు అని. ఆ అమ్మాయి కాసేపు లైన్‌లో ఉంచి, ఎవర్నో కనుక్కుని వచ్చి చెప్పింది: "అది మీ పేరు ముందు శ్రీ, శ్రీమతి వెయ్యడానికి మేడమ్."

నాకింకా పెళ్లే కాలేదు.


కోటబొమ్మాళి కుర్రోడు, శనివారం రాత్రి 9:04

😂😂 అక్కా, ఇది ఫ్రేమ్ కట్టించి పెట్టు.


జీడితోట, శనివారం రాత్రి 9:45

బాబాయ్, అమ్మని సోమవారం తీసుకొస్తున్నాను. నాకేటీ లేదు, బస్సుకి డబ్బులు దండగ అంటోంది. నొప్పి బిళ్లల అట్ట కొంగులోంచి దొరికింది, అదీ తెస్తున్నాను. మూత్రం ఇంటి దగ్గర పట్టి తేవాలా, అక్కడే ఇవ్వాలా?


లేబ్ బాబాయ్, శనివారం రాత్రి 10:02

పొద్దున్న లేవగానే మొదటిది పట్టి తెస్తే మంచిది, మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో. ఏడున్నరకల్లా వచ్చేయండి, తర్వాత రద్దీ.